సీరియల్ లైట్లు, ఇనప గ్రిల్లు, తుంపర వాన: పండక్కి ఇంటికి లైట్లు కట్టేవాళ్లకి

#1 నాగావళి_గట్టు (శ్రీకాకుళం)

అందరికీ నమస్కారం. దసరా నుంచి కార్తీక పౌర్ణమి దాకా ఇంటికి లైట్లు ఉంచుదామని ఉంది. పాత ఇల్లు, కింద ఒకటి పైన ఒకటి. ముందు వసారాకి ఇనప గ్రిల్లు, దాని మీద రేకులు. సామాను ఇది: నిరుటి ఎల్‌ఈడీ సీరియల్ సెట్లు 8, రోప్ లైటు 20 మీటర్లు, పూజగదికి 12 వోల్టుల స్ట్రిప్ లైటు 5 మీటర్ల చుట్టలు రెండు. బోర్డులో ఎంసీబీలున్నాయి (లోడు మించితే పడిపోయే స్విచ్చిలు), కరెంటు లీకైతే తెంపే ఆర్‌సీసీబీ లేదు. ఇన్వర్టర్ ఉంది.

వసారాలో ఉన్న ఒక్క 6 ఆంపియర్ల సాకెట్టు ఇంత లోడు లాగుతుందా? వాన పడితే ఏం చెయ్యాలి? రాత్రంతా వదిలెయ్యొచ్చా?

#2 మూడులాంతర్లు (విజయనగరం)

ముందు లోడు లెక్క తేల్చేద్దాం, చాలామంది దీని గురించే అనవసరంగా భయపడతారు.

సీరియల్ సెట్టు ఒక్కోటి 6 వాట్లు వేసుకోండి, ఎనిమిదికి 48. రోప్ లైటు ఎల్‌ఈడీ రకమైతే మీటరుకి 3 వాట్లు అనుకుందాం (లేబుల్ మీద చూసుకోండి), 20 మీటర్లకి 60. 12 వోల్టుల స్ట్రిప్ లావు చిప్పులదైతే మీటరుకి 14.4 వాట్లు, 10 మీటర్లకి 144. మొత్తం 252 వాట్లు. 230 వోల్టుల దగ్గర ఆంపియరు దాటీ దాటనట్టు. 6 ఆంపియర్ల సాకెట్టు 1,380 వాట్లు మొయ్యగలదు. రోజుకి 5 గంటలు వెలిగిస్తే కరెంటు ఒకటింబావు యూనిట్.

వాకిట్లో 500 వాట్ల హాలోజెన్ ఫోకస్ లైట్లు పెట్టే అలవాటుంటే అది వేరే సంగతి. రెండు పెడితే చాలు 1,000 వాట్లు, మూడోది పెడితే సాకెట్టు హద్దు దాటిపోతుంది. అవి పక్కన పెట్టండి.

మీ ఇంట్లో గండం లోడుతో లేదు. గ్రిల్లు, రేకులు, ఆర్‌సీసీబీ లేకపోవడం, ఇన్వర్టర్. ఈ నాలుగూ కలిసి ఉన్నచోట చూసుకోవాలి.

#3 బొబ్బిలి_బురుజు

ఎల్‌ఈడీకి షాకేటండీ బాబూ. ఒక్కో లైటు 3 వోల్టులే కదా. పాత రైస్ బల్బుల రోజుల్లో భయపడ్డామంటే అర్థముంది.

#4 ఆమదాలవలస_జంక్షన్

బురుజు గారూ, ఒక్కో లైటు 3 వోల్టులే, నిజమే. కానీ వాటిని ఒకదాని వెనక ఒకటి గుచ్చి నేరుగా 230 వోల్టులకి తగిలిస్తారు. తెలుపు, నీలం అయితే 3 వోల్టులు, ఎరుపు, పసుపు అయితే 2 వోల్టుల దగ్గర. ఒక వరసకి ఎన్ని పెట్టాలో ఆ లెక్కన చూసి, మిగిలిన వోల్టేజిని ఒక రెసిస్టరు మీద పడేస్తారు. మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. వైరు ఎక్కడ ఒలిచినా చేతికి తగిలేది ఇంటి కరెంటే.

రంగులు మార్చే ఆ నల్ల డబ్బా చూసి చాలామంది అడాప్టర్ అనుకుంటారు. విప్పి చూస్తే నాలుగు డయోడ్లు, ఒక చిన్న ఐసీ, గొలుసుకొకటి చొప్పున మూడు నాలుగు థైరిస్టర్లు (ఎలక్ట్రానిక్ స్విచ్చిల్లాంటివి) ఉంటాయి. వోల్టేజి తగ్గించే పని అది చెయ్యదు. దాని మీది బటన్ కూడా స్విచ్చి కాదు, మెరుపు తీరు మారుస్తుంది, అంతే. లైట్లు అన్నీ ఆరిపోయిన తీరులో ఉన్నా వైరులో ఫేజు అలానే ఉంటుంది.

ఇంకోటి, ఇది ముఖ్యం. రెండు పిన్నుల ప్లగ్గు ఎటు తిప్పి అయినా పెట్టొచ్చు. ఒకవైపు పెడితే రెసిస్టరు ముందు ఫేజు, తిప్పి పెడితే గొలుసు చివరి కొసకి ఫేజు. మధ్యలో ఒక లైటు ఊడి సెట్టు ఆరిపోయిందనుకోండి, తెగిన చోట ఒక కొస నిండా ఫేజుతో ఉంటుంది. "వెలగట్లేదు కాబట్టి కరెంటు లేదు" అనుకుని ఆ కొసలు వేళ్లతో మెలిపెడతారు. సెట్టు బాగుచేసేటప్పుడు షాకు తగిలేది ఎక్కువగా ఇక్కడే. స్విచ్చి ఆపితే చాలదు, ప్లగ్గు పీకి చేతిలో పట్టుకోవాలి. పాత ఇళ్లలో స్విచ్చి న్యూట్రల్ మీద బిగించి ఉండడం కొత్తేం కాదు.

పాత రైస్ బల్బుల సెట్టు గురించీ ఒక మాట. 6 వోల్టుల బల్బులైతే 230కి 38 కావాలి. మాడిన బల్బులు కత్తిరించి వైరు కలిపేస్తూ పోతే మిగిలినవాటి మీద భారం పెరుగుతుంది. 8 తీసేస్తే 30 బల్బులు, ఒక్కోదానికి 7.7 వోల్టులు. వేడెక్కి ప్లాస్టిక్ టోపీలు కరుగుతాయి. ఎల్‌ఈడీ సెట్టులో ఇదే పని చేస్తే వేడెక్కేది రెసిస్టరు, అంటే ఆ డబ్బా. నల్లగా మాడిన డబ్బాలకి కారణం ఇదే అయ్యుంటుంది.

#5 గుమ్మంముగ్గు (విజయనగరం)

జంక్షన్ గారూ, టెస్టర్ పెట్టి చూసుకుంటే సరిపోదా? దీపం వెలగకపోతే కరెంటు లేనట్టే కదా?

#6 ఆమదాలవలస_జంక్షన్

దాన్ని నమ్ముకోకండి అమ్మా. నియాన్ టెస్టర్ పట్టపగలు ఎండలో వెలిగినా కనబడదు. ఎండిన చెక్క స్టూలు మీద నిలబడి ముట్టుకుంటే మరీ మసగ్గా ఉంటుంది. పక్క వైరు ప్రభావానికి కరెంటు లేని తీగ మీదా మిణుకుమంటుంది. ఫేజు ఏదో పోల్చుకోడానికి పనికొస్తుంది గానీ, కరెంటు లేదని తేల్చుకోడానికి పనికిరాదు. ప్లగ్గు పీకెయ్యడమే మేలు.

#7 మూడులాంతర్లు

ఇప్పుడు ఆర్‌సీసీబీ సంగతి. గట్టు గారింట్లో అన్నిటికంటే ముందు డబ్బు పెట్టాల్సింది దీనికే, కొత్త లైట్లకి కాదు.

ఎంసీబీ మనిషిని కాపాడడానికి పెట్టింది కాదు, వైరుని కాపాడడానికి. 6 ఆంపియర్లు అంటే 6,000 మిల్లీఆంపియర్లు. మనిషి ఒంట్లోంచి అంతలో వందోవంతు పోయినా ప్రాణం మీదికొస్తుంది, ఎంసీబీకి ఆ సంగతే తెలియదు. ఆర్‌సీసీబీ చేసే పని వేరు. ఫేజులో పోయినంతా న్యూట్రల్‌లో తిరిగొచ్చిందా లేదా చూస్తుంది. తేడా 30 మిల్లీఆంపియర్లకి చేరేలోపే పడిపోతుంది. ప్రమాణం ప్రకారం 30 దగ్గర 0.3 సెకన్లలోపు, దానికి అయిదింతలైతే 0.04 సెకన్లలోపు తెగాలి.

కొనేటప్పుడు మూడు చూడండి. 2 పోల్ (ఫేజు, న్యూట్రల్ రెండూ తెంపేది). 30 మిల్లీఆంపియర్లు (100, 300 రకాలు అగ్ని ప్రమాదాల కోసం, మనిషికి పనికిరావు). టైప్ 'ఏ'. కొట్లో మామూలుగా చేతికిచ్చేది టైప్ 'ఏసీ'. సీరియల్ సెట్లలో డయోడ్లు ఉంటాయి కాబట్టి లీకయ్యే కరెంటు సగం అలలుగా వస్తుంది. దాన్ని ఏసీ రకం సరిగా పట్టకపోవచ్చు, ఏ రకం పడుతుంది. ధర కాస్త ఎక్కువ, అయినా అదే అడగండి.

అది చెయ్యలేనివి కూడా తెలియాలి. ఒక చేత్తో ఫేజు, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకుంటే దానికి తేడా కనబడదు, పడదు. ఓవర్‌లోడు చూడదు, దాని ముందో వెనకో ఎంసీబీ ఉండాల్సిందే. ఎర్త్ లేని ఇంట్లోనూ పనిచేస్తుంది, కానీ మనిషి ముట్టుకున్నాకే పడుతుంది. ఎర్త్ ఉండి, గ్రిల్లుకి ఆ ఎర్త్ కలిపి ఉంటే, వైరు గ్రిల్లుకి తగిలిన క్షణమే పడుతుంది. ఎవరూ ముట్టుకోనక్కర్లేదు. ఎర్త్ లేదు కదా అని మూడో పిన్నుని న్యూట్రల్‌కి కలిపే పని మాత్రం ఎవరు చెప్పినా చెయ్యొద్దు. బయట ఎక్కడ న్యూట్రల్ తెగినా మీ సామాన్ల ఇనప ఒళ్లన్నీ ఫేజు అయి కూర్చుంటాయి.

ముఖం మీద 'టి' బటన్ ఉంటుంది. లైట్లు కట్టిన రోజు ఒకసారి, తర్వాత నెలకోసారి నొక్కండి. నొక్కితే పడాలి. పడకపోతే అది అలంకారానికి ఉన్నట్టే.

#8 చంపావతి_ఒడ్డు

లాంతర్లు గారు చెప్పిందానికి ఒక చిక్కు ఉంది: ఇన్వర్టర్. ఆర్‌సీసీబీ మెయిన్ దగ్గర పెట్టి, ఇన్వర్టర్ దాని తర్వాత ఉంటే, కరెంటు పోయిన క్షణం నుంచి ఆ ఆర్‌సీసీబీ ఎవరినీ కాపాడదు. లైట్లకి వచ్చేది బ్యాటరీ నుంచి, దారి మారిపోయింది. ఇన్వర్టర్ లైను మీద పండగ లైట్లు వెయ్యాలనుకుంటే ఇన్వర్టర్ అవుట్‌పుట్ మీద విడిగా ఇంకో ఆర్‌సీసీబీ కావాలి, ఆ అవుట్‌పుట్ న్యూట్రల్‌ని ఎర్త్‌తో సరిగ్గా కలిపిందీ లేనిదీ తెలిసిన ఎలక్ట్రీషియన్‌తో చూపించాలి. అంత అవసరమా? వాన, గాలి ఉన్న రాత్రి కరెంటు పోయిందంటే ఆ పూటకి లైట్లు ఆరిపోవడమే మంచిది. ఇన్వర్టర్ లేని సాకెట్టుకే పెట్టండి.

పైగా స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద, లోపల కెపాసిటర్ ఉన్న రకం సెట్లు మామూలు కంటే ఎక్కువ కరెంటు లాగుతాయి. గుయ్యిమని మోత, తర్వాత రెసిస్టరు మాడిన వాసన. సైన్ వేవ్ ఇన్వర్టర్ అయితే ఆ బాధ ఉండదు.

#9 నాగావళి_గట్టు

వసారా సాకెట్టు ఇన్వర్టర్ లైను మీదే ఉంది! హాల్లోది మార్చాలి అయితే. కిటికీలోంచి వైరు తీసుకురావచ్చా?

#10 కళింగతీరం

తీసుకురావచ్చు, రెక్క మూసే చోటు నుంచి కాకుండా. కిటికీ రెక్కా తలుపూ కత్తెరే, పదిసార్లు మూస్తే లోపల రాగి తీగ బయటపడుతుంది. వెంటిలేటర్ కన్నంలోంచి పీవీసీ పైపు ముక్క వేసి దాన్లోంచి తీయండి. బయట నుంచి లోపలికి వచ్చే ముందు వైరుని ఒక జానెడు కిందికి వంచి పైకి తీసుకురండి. వాన నీళ్లు ఆ వంపు దగ్గర కారిపోతాయి, వైరు పట్టుకుని సాకెట్టు దాకా రావు.

కట్టడం గురించి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే మన దగ్గర ఇక్కడే అన్నీ తప్పుతాయి.

ఇనప గ్రిల్లుకి సెట్టుని బైండింగ్ వైరుతో మెలిపెడతారు. సీరియల్ సెట్టు ఇన్సులేషన్ ఎంత పలచనంటే గోటితో గిల్లితే ఊడొస్తుంది. బైండింగ్ వైరు రెండు మెలికలకి దాన్ని కోసేస్తుంది, గ్రిల్లు మొత్తం ఫేజు. మేకుల కింద నొక్కి కొట్టడం, రేకుల అంచు మీదుగా లాగడం కూడా ఇంతే. ప్లాస్టిక్ ట్యాగులు గానీ నైలాన్ దారం గానీ వాడండి, బిగించి కాదు, వదులుగా. గ్రిల్లుకీ సెట్టుకీ మధ్య అరంగుళం పీవీసీ పైపు పొడవునా కట్టి, సెట్టు దానికి చుడితే ఇంకా మంచిది. రేకుల అంచుకి పాత హోస్ పైపు నిలువుగా చీల్చి తొడిగితే సరిపోతుంది.

బట్టలారేసే జీఐ తీగ జోలికి అస్సలు పోకండి. లైట్లు దండెం మీద వేలాడేస్తే అందంగా ఉంటాయి, నిజమే. మర్నాడు పొద్దున్న తడి బట్టలతో, తడి చేత్తో, ఉత్తి కాళ్లతో వచ్చి ఆ తీగ పట్టుకునేది ఇంట్లో ఆడవాళ్లు. దండేనికీ సెట్టుకీ మధ్య కనీసం మనిషి చెయ్యి చాపినంత దూరం ఉండాలి.

కళింగపట్నం, బారువ, భావనపాడు, అటు చింతపల్లి, కోనాడ లాంటి సముద్రం ఒడ్డు ఊళ్లలో ఇంకో బాధ: ఉప్పు గాలి. ప్లగ్గు పిన్నుల మీద పచ్చగా చిలుము పడుతుంది. అది సరిగా కరెంటు పోనివ్వదు, ఆ చోట వేడెక్కుతుంది. ఉప్పు పొర మీద మంచు పడితే తడి ఉప్పు, దాని మీదుగా కరెంటు పాకుతుంది. వారానికోసారి ప్లగ్గు పీకి, పిన్నులు పొడి గుడ్డతో తుడవండి. చిలుము ఉంటే సన్న గరుకు కాయితంతో రుద్దండి.

#11 బొబ్బిలి_బురుజు

జాయింట్లకి ఇన్సులేషన్ టేపు రెండు చుట్లు వేసి మీద పాలిథిన్ కవరు కట్టేస్తే సరి. దానికి ఇంత శాస్త్రం అక్కర్లేదు.

#12 కళింగతీరం

అక్కరుంది. పీవీసీ టేపు కరెంటు ఆపుతుంది గానీ నీళ్లు ఆపదు. ఎండకి జిగురు జారి, రెండో వారానికి కొస లేస్తుంది. దాని కిందికి దూరిన నీళ్లు బయటికి పోవు. పాలిథిన్ కవరు నాలుగువైపులా బిగించి కడితే లోపల ఆవిరి పట్టి చుక్కలు కడతాయి, వాన లేకపోయినా జాయింటు తడుస్తుంది.

పద్ధతి: ముందు సన్న స్లీవ్ (వేడికి ముడుచుకుని బిగుసుకునే గొట్టం) ఒక వైరుకి ఎక్కించండి. రెండు వైర్ల జాయింట్లు ఒకే చోట రాకుండా అంగుళం ఎగుడుదిగుడుగా కోయండి. మెలిపెట్టి సోల్డర్ వేసి, స్లీవ్ జరిపి వేడి చూపండి. దాని మీద సాగే రబ్బరు టేపు (తనకు తానే అతుక్కుపోయే రకం, ప్లంబింగ్ టెఫ్లాన్ కాదు) సగానికి సగం ఎక్కేలా సాగదీసి చుట్టండి. ఆపైన పీవీసీ టేపు. కవరు కడితే గొడుగులా కట్టండి, పైన బిగించి, కింద నోరు తెరిచి. బజారులో 20, 30 రూపాయలకి దొరికే చిన్న పీవీసీ జంక్షన్ బాక్సు, వైరు కన్నాలు నేలవైపు ఉండేలా బిగిస్తే ఈ కవర్ల గొడవే లేదు. సెల్లో టేపు, ప్లాస్టర్, దేవుడి దారం వాడేవాళ్లకి చెప్పేదేం లేదు.

సెట్టు అట్టపెట్టె మీద ఐపీ అంకె (దుమ్మూ నీళ్లూ ఎంత ఆపుతుందో చెప్పేది) చూడండి. 20 ఉంటే ఇంటి లోపలికే. 44 ఉంటే తుంపరకి ఆగుతుంది. 65 ఉంటే వానలో ఉంచొచ్చు, కానీ ఆ అంకె లైట్లకి మాత్రమే. ప్లగ్గుకీ నల్ల డబ్బాకీ అది వర్తించదు. అవి ఎప్పుడూ చూరు కిందే ఉండాలి.

#13 గుమ్మంముగ్గు

మగవాళ్లు కట్టి వెళ్లిపోతారు, ఆ వాకిట్లో తెల్లారుజామున నీళ్లతో పని చేసేది మేము. కాబట్టి ఇవి కూడా రాసుకోండి.

ఎక్స్‌టెన్షన్ బోర్డు వాకిట్లో నేల మీద పెట్టకూడదు. కళ్లాపి చల్లితే నేరుగా దాన్లోకే. మోకాలి ఎత్తుకి పైన గోడకి మేకు వేసి తగిలించాలి. లైట్లు రాత్రి పడుకునే ముందే ప్లగ్గు పీకేస్తే పొద్దున్న కళ్లాపికి భయం ఉండదు.

తులసికోటకి 230 వోల్టుల సెట్టు వద్దు. కార్తీకంలో రోజూ తలస్నానం చేసి, తడి బట్టలతో కోటలో నీళ్లు పోసి, దీపం పెట్టి, చుట్టూ తిరుగుతాం. కోట తడి, నేల తడి, ఒళ్లు తడి. యూఎస్‌బీతో నడిచే సన్న రాగి తీగ లైట్లు, లేదా మూడు పెన్సిల్ సెల్లులవి (4.5 వోల్టులు) పెట్టండి. యూఎస్‌బీ రకమైతే చార్జరు ఇంట్లోనే ఉండాలి, బయటికొచ్చేది 5 వోల్టుల తీగ మాత్రమే. చార్జరు కోట పక్కకి తెచ్చి పెడితే మళ్లీ 230 బయటికి తెచ్చినట్టే.

దీపావళి సాయంత్రం పిల్లలు గోగు కర్రలకి గుడ్డ ఒత్తులు కట్టి దివిటీలు కొట్టేది గుమ్మం ముందే. గుమ్మానికి మామిడి తోరణంతో పాటు సీరియల్ సెట్టు వేలాడుతూ ఉంటుంది, దివిటీ పైకెత్తితే అందేస్తుంది. ఆ పూటకి గుమ్మం సెట్టు తీసేయండి, లేదా దివిటీలు వాకిట్లోకి దూరంగా. గేటుకి కట్టిన లైట్లదీ అంతే, చిచ్చుబుడ్ల నిప్పురవ్వ పడితే ఆ పలచని ఇన్సులేషన్ కి కన్నం పడుతుంది. రాత్రి తెలియదు, మర్నాటి మంచుకి తెలుస్తుంది.

పూజగదిలో థర్మోకోల్ మండపం, కాయితప్పూలు ఉంటే వాటిలో సెట్టు దూర్చొద్దు, ప్రమిదలు మూడడుగుల దూరంలో పెట్టండి.

#14 ఆమదాలవలస_జంక్షన్

అమ్మ చెప్పిన తులసికోట సంగతి బంగారం.

గట్టు గారూ, 12 వోల్టుల స్ట్రిప్ సంగతి. 5 మీటర్ల చుట్ట 72 వాట్లు, అంటే 12 వోల్టుల దగ్గర 6 ఆంపియర్లు. 230 వోల్టుల్ని 12కి మార్చే ఎస్ఎంపీఎస్‌ని 80 శాతానికి మించి లాగకూడదు కాబట్టి ఒక్కో చుట్టకి 7.5 ఆంపియర్లు కావాలి, బజారులో దొరికేది 10 ఆంపియర్లది. రెండు చుట్టలకి రెండు విడి ఎస్ఎంపీఎస్‌లు. చుట్టల్ని ఒకదానికొకటి అతికించి ఒకవైపు నుంచే కరెంటు ఇస్తే దూరపు కొస ఎర్రగా మసకేస్తుంది, దగ్గరి కొస రాగి పట్టీ వేడెక్కుతుంది.

ఎస్ఎంపీఎస్ దగ్గరగా ఉండాలి. 10 మీటర్ల దూరానికి 0.5 చదరపు మిల్లీమీటర్ల వైరు వేసి 6 ఆంపియర్లు పంపితే దారిలోనే 4 వోల్టులు పోతాయి. అదే 2.5 వైరు అయితే 0.8 వోల్టు.

ఇనప జల్లెడ డబ్బా రకం ఎస్ఎంపీఎస్‌లో 230 స్క్రూలు బయటికే ఉంటాయి. దాని మీది ప్లాస్టిక్ మూత పోతే వాడకండి. ఎర్త్ స్క్రూకి ఎర్త్ కలపకపోతే లోపలి ఫిల్టర్ కెపాసిటర్ల వల్ల డబ్బాకీ 12 వోల్టుల తీగకీ కూడా జిల్లుమనే షాకు వస్తుంది. చాలామంది "12 వోల్టులకే షాకు కొడుతోంది" అని ఆశ్చర్యపోయేది అందుకే. రెండు పిన్నుల ప్లగ్గుతో దాన్ని నడపొద్దు.

రోప్ లైటు చుట్ట విప్పకుండా వెలిగించి చూడొద్దు. వేడి బయటికి పోక చుట్ట మధ్యలో మెత్తబడిపోతుంది. గీత ఉన్న చోటే కోయాలి, కోసిన కొసకి మూత పెట్టి సిలికాన్ వెయ్యాలి. ఆ కొసలో ఉన్నది కూడా 230 వోల్టులే.

#15 పైడితల్లి_వీధి

సిరిమానోత్సవానికి వచ్చే చుట్టాల కోసం మేడ మీద కూడా లైట్లు వేస్తాం. సెట్లు పాతవి, ఏది బాగుందో ఏది లేదో ముందే ఎలా తెలుసుకోవాలి? ఒక్కోటీ ప్లగ్గులో పెట్టి చూడ్డమేనా?

#16 మూడులాంతర్లు

నేరుగా ప్లగ్గులో పెట్టొద్దు. సిరీస్ బోర్డు ఉంటే పని తేలిక. ఒక సాకెట్టు ఫేజు దారిలో 60 వాట్ల పాత ఫిలమెంటు బల్బు వరసగా వచ్చేలా కట్టిన బోర్డు, ఏ ఎలక్ట్రీషియన్ దగ్గరైనా ఉంటుంది. ఎల్‌ఈడీ బల్బు దీనికి పనికిరాదు.

సెట్టు పొడి గచ్చు మీద పూర్తిగా విప్పి పరవండి. ప్లగ్గు నుంచి చివరి దాకా వేలితో కాదు, కంటితో చూడండి: ఎలుక కొరుకులు, తెల్లబడిన వైరు, పగిలిన టోపీలు. తర్వాత సిరీస్ బోర్డులో పెట్టండి. సెట్టు వెలిగి బల్బు చీకటిగా ఉంటే బాగున్నట్టు. బల్బు నిండుగా వెలిగితే సెట్టులో షార్టు ఉంది. రెండూ వెలగకపోతే ఎక్కడో తెగింది. బాగున్నవాటిని ఆర్‌సీసీబీ ఉన్న సాకెట్టులో అరగంట వెలిగించి, ప్లగ్గు పీకాక పిన్నులూ నల్ల డబ్బా ముట్టుకోండి. గోరువెచ్చగా ఉంటే సరే. చెయ్యి ఆగనంత వేడి ఉంటే డబ్బా పారెయ్యండి. పిన్నులు మాత్రమే వేడిగా ఉంటే తప్పు సాకెట్టు స్ప్రింగుది.

వెలిగిన సెట్టులోనూ నాలుగు చోట్లకి మించి అతుకులుంటే పారెయ్యండి. కొత్త సెట్టు ధర కంటే అతుకుల ఖర్చే ఎక్కువ.

ప్లగ్గు ఊడిపోయిన సెట్ల వైరు కొసల్ని సాకెట్టు కన్నాల్లో దూర్చి, ఊడకుండా అగ్గిపుల్లతో బిగించడం మన దగ్గర పందిళ్లలో ఇంకా చూస్తాం. పుల్ల ఎండితే వదులవుతుంది, వదులైతే నిప్పురవ్వ, పక్కన పందిరి గుడ్డ.

ఇంకో చిన్న పని చాలా ఉపయోగం: సెట్టు వైరు సన్నం, 6 ఆంపియర్లు నిలకడగా పోతే కరిగిపోతుంది, ఎంసీబీ మాత్రం పడదు. అందుకే పండగ బోర్డు విడిగా చేసుకోండి. పీవీసీ బాక్సు, 6 ఆంపియర్ల స్విచ్చి ఒకటి, సాకెట్లు రెండు, స్విచ్చి తర్వాత ఫేజులో 20 మిల్లీమీటర్ల గాజు ఫ్యూజు హోల్డరు, దాన్లో 1 ఆంపియరు ఫ్యూజు. 5 మీటర్ల 3 కోర్ 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు, మూడు పిన్నుల టాపు (ప్లగ్గు). 230 వాట్ల దాకా మోస్తుంది. ఫ్యూజు పోతే రాగి తీగ చుట్టకండి, పోయిందంటే కారణం వెతకాలి. స్ట్రిప్ లైట్ల ఎస్ఎంపీఎస్‌లు దీనికి కలపకండి, వెలిగించిన క్షణం పెద్ద గుంజు గుంజుతాయి, ఫ్యూజు ఊరికే పోతుంది.

#17 వంశధార_వంతెన

మేడ మీద అన్నారు కాబట్టి: క్రిస్మస్ నక్షత్రానికైనా, లైట్ల గెడకైనా ఇనప పైపు ఎత్తేటప్పుడు తల పైకెత్తి చూడండి. వీధి లైను (ఎల్‌టీ) డాబా మీదుగా పోతే 2.5 మీటర్ల ఎత్తు, పక్కనుంచి పోతే 1.2 మీటర్ల ఎడం ఉండాలని నిబంధన. 11 కేవీ అయితే పైన 3.7, పక్కన 1.2. మన సందుల్లో అంత ఎడం లేని ఇళ్లు బోలెడు. అలాంటి చోట గెడ ఎత్తే పనే పెట్టుకోవద్దు, ఎండు వెదురు అయినా సరే, మంచుకి తడిస్తే అది కూడా కరెంటు పోనిస్తుంది. గాలికి సెట్టు ఎగిరి లైను మీద పడ్డా మీరు తియ్యకండి, ఈపీడీసీఎల్ (మన కరెంటు సంస్థ) 1912కి ఫోన్ చెయ్యండి.

స్తంభం నుంచి కొండీ వేసుకోవడం గురించి ఎవరూ అడగలేదు, అడక్కముందే చెప్తున్నా: దానికి ఎంసీబీ లేదు, ఆర్‌సీసీబీ లేదు, ఆపడానికి స్విచ్చి కూడా లేదు. పందిరికి తాత్కాలిక కనెక్షన్ ఇస్తారు, తీసుకోండి.

#18 చంపావతి_ఒడ్డు

షాకు తగిలితే ఏం చెయ్యాలో కూడా ఒక చోట ఉండనివ్వండి. మనిషిని పట్టుకోకండి. మెయిన్ ఆపండి. అది దూరమైతే పొడి కర్రతోనో ప్లాస్టిక్ కుర్చీతోనో వైరుని తొయ్యండి, మనిషిని కాదు. ఊపిరి లేకపోతే 108కి చెప్పి వెంటనే ఛాతీ మధ్య నొక్కడం మొదలుపెట్టండి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు, అంబులెన్సు వచ్చేదాకా. లేచి కూర్చుని "బాగానే ఉంది" అన్నా ఆసుపత్రికి తీసుకెళ్లి ఈసీజీ తీయించండి. మంటలైతే మెయిన్ ఆపకుండా నీళ్లు పొయ్యొద్దు. పొడి ఇసుక, లేదా ఏబీసీ పౌడరు సిలిండరు.

#19 నాగావళి_గట్టు

అందరికీ ధన్యవాదాలు. ఇలా అనుకుంటున్నాను: హాల్లో ఇన్వర్టర్ లేని సాకెట్టు నుంచి వెంటిలేటర్ గుండా లైను, ఫ్యూజు బోర్డు వసారా చూరు కింద, తులసికోటకి సెల్లుల లైట్లు, రాత్రి 10:30కి టైమర్‌తో ఆపేయడం. రెండు సందేహాలు. మెయిన్‌లో 32 ఆంపియర్ల ఎంసీబీ ఉంది, ఆర్‌సీసీబీ 25 ఆంపియర్లది తెస్తే చాలా? కొత్త సెట్లు కొంటే అసలువో కావో ఎలా పోల్చాలి?

#20 పైడితల్లి_వీధి

టైమర్ ఆపినా ప్లగ్గు పీకండి. చవక టైమర్లు ఒక తీగే తెంపుతాయి, అది న్యూట్రల్ అయితే ఫేజు అలానే నిలిచి ఉంటుంది.

#21 మూడులాంతర్లు

రెండో దానికి ముందు. అడాప్టరూ ఎల్‌ఈడీ డ్రైవరూ అయితే బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) గుర్తు కింద 'ఆర్' అక్షరంతో మొదలై 8 అంకెలుండే నంబరు ఉండాలి. వైరు మీద ఐఎస్ 694, ప్లగ్గు సాకెట్ల మీద ఐఎస్ 1293. నంబరు ముద్రించి ఉంటే చాలదు, బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడండి, కంపెనీ పేరూ వస్తువు పేరూ అందులో వచ్చినవాటితో కలవాలి. కిలోల లెక్కన అమ్మే సెట్ల మీద ఏ గుర్తూ ఉండదు. వాటిని కొనక తప్పదంటే ఇంటి లోపల, చేతికందని ఎత్తులో.

ఆర్‌సీసీబీ ఇల్లు మొత్తానికి పెడితే 32 ఎంసీబీ వెనక 40 ఆంపియర్లది కావాలి, 25 చాలదు. పండగ లైనుకి మాత్రమే అయితే 6 ఆంపియర్ల ఎంసీబీ తర్వాత 25ది హాయిగా సరిపోతుంది. కానీ పాత ఇళ్లలో ఒక మెలిక ఉంది. అన్ని లైన్ల న్యూట్రల్స్ ఒకే కడ్డీకి కలిపి, గదుల్లో కూడా ఒకదాని న్యూట్రల్ ఇంకోదానికి అప్పిచ్చి ఉంటాయి. అలా ఉంటే ఆర్‌సీసీబీ పెట్టిన నిమిషానికే పడిపోతుంది. "ఇది పాడైంది" అని దాన్ని తీసి పారేస్తారు, లేదా న్యూట్రల్‌ని దానికి బయటినుంచి కలిపేస్తారు. రెండోది మరీ ప్రమాదం. హాలు సాకెట్టు ఫేజుతో పాటు దాని న్యూట్రల్‌ని కూడా బోర్డు దాకా విడిగా లాగించండి, రెండూ ఆర్‌సీసీబీలోంచే పోవాలి. పాత గొట్టంలో వైరు లాగడం కుదరకపోతే మీటరు బోర్డు నుంచి వసారాకి కేసింగ్‌లో కొత్తగా మూడు వైర్లు (ఫేజు, న్యూట్రల్, ఎర్త్) 1.5 లో వేయించండి. ఒక పూట పని.